కుష్ఠు లెక్కల్లో కిడ్నీకి చోటేది?

2027 నాటికి కుష్ఠు వ్యాప్తిని పూర్తిగా ఆపుతామని కేంద్రం గడువు పెట్టుకుంది. జాతీయ స్థాయిలో వ్యాధిని నిర్మూలించామని 2005 డిసెంబర్ నాటికే చెప్పుకుంది. పది వేల మందికి ఒక కేసు కన్నా తగ్గితే దాని లెక్కలో అది నిర్మూలనే! అయినా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే. గడువు దగ్గరపడుతున్న వేళ మేం అడిగేది ఇంకో ప్రశ్న: మందులు పూర్తయినవాళ్ల సంగతేమిటి?

ఆరు నెలలో, పన్నెండు నెలలో ఎండీటీ మందులు వాడితే వ్యాధి నయమైనట్టే. రిజిస్టర్‌లోంచి పేరు పోతుంది. కానీ చచ్చుబడిన నరాలు చాలామందిలో తిరిగి కోలుకోవు. స్పర్శలేని పాదానికి రాయి గుచ్చుకున్నా తెలియదు. పుండు మానుతుంది, మళ్లీ పడుతుంది. ఏళ్ల తరబడి మానని పుండ్లు, పదేపదే వచ్చే రియాక్షన్ల వల్ల కొందరిలో అమిలాయిడ్ అనే ప్రొటీన్ కిడ్నీల్లో పేరుకుంటుంది. రియాక్షన్ల వల్ల కిడ్నీలోని వడపోత భాగాలు కూడా దెబ్బతినొచ్చు. మొదట్లో నొప్పి ఉండదు. మూత్రంలో ప్రొటీన్ పోతుంటుంది, అంతే. కాళ్లు వాచినా పుండు వల్లే అనుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కుష్ఠు వైకల్య గ్రేడింగ్ కళ్లు, చేతులు, పాదాలనే చూస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారిని గుర్తించింది. కానీ అందులోని 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు. పైకి కనిపించే గాయానికే గుర్తింపు.

పుండు మానాలంటే పాదానికి విశ్రాంతి కావాలి. రోజు కూలి పోతే పొయ్యి వెలగని దళిత, ఆదివాసీ కుటుంబాలకు ఆ విశ్రాంతి ఎక్కడిది? కొత్త కేసుల్లో ఎస్సీ, ఎస్టీలెందరో ప్రభుత్వం విడిగా లెక్కిస్తూనే ఉంది. ఆ లెక్క చికిత్స ముగిశాక కూడా కొనసాగాలి.

పేదలకు ఉచిత డయాలసిస్ కోసం 2016లో జాతీయ కార్యక్రమం మొదలైంది. అది అవసరమే, కానీ అది చివరి మజిలీ. కట్టు కట్టించుకోవడానికో, ఎంసీఆర్ చెప్పుల కోసమో వచ్చినప్పుడల్లా మూత్రంలో ప్రొటీన్, బీపీ చూడాలి. ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయాలి. ఇవి ఖరీదైన పరీక్షలేమీ కావు. కుష్ఠు బాధితులపట్ల వైద్య సిబ్బంది వివక్ష చూపకుండా ప్రభుత్వాలే చూడాలని 2018లో పంకజ్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. డయాలసిస్ వార్డుకూ ఆ ఆదేశం వర్తించాలి.

మన ఊరి పీహెచ్‌సీలో ఈ పరీక్షలు జరుగుతున్నాయా? విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.