వేషానికి ఆడా మగా ఉందా?

ఏటా అక్టోబరు 31 సాయంత్రం అమెరికా, కెనడా దేశాల్లో పిల్లలు వేషాలు వేసుకుని వీధుల్లోకి వస్తారు. దయ్యాలుగా, మంత్రగత్తెలుగా, వ్యోమగాములుగా ముస్తాబై ఇంటింటి తలుపూ తట్టి మిఠాయిలు అడుగుతారు. ఈ పండుగ పేరు హాలోవీన్. అక్కడ స్థిరపడిన తెలుగువారి పిల్లలకూ ఇది సరదాయే.

వేషం అంటే ఏమిటి? మనం కానిదాన్ని కాసేపు కావడం. డ్రాగన్ కావచ్చు, గుమ్మడికాయ కావచ్చు. ఇంత స్వేచ్ఛ ఉన్న ఆటలో కూడా దుకాణాల్లో రెండు వరసలు కనిపిస్తుంటాయి: ఒకటి ఆడపిల్లలకు, రెండోది మగపిల్లలకు!

ఎడీ నెల్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త పిల్లల హాలోవీన్ వేషాలు 469 పరిశీలించి, 2000లో ఒక వ్యాసం ప్రచురించారు. ఎవరైనా వేసుకోదగినవి పదింట ఒకటి కూడా లేవని తేలింది. ఆడపిల్లలకు ఎక్కువగా రాకుమార్తెలు, అందాల రాణులు. మగపిల్లలకు రకరకాల యోధులు. ఆ వ్యాసం పేరులోనే 'గులాబీ డ్రాగన్ ఆడది' అన్న మాట ఉంది. అసలు డ్రాగన్ అనే జంతువే లేదు. లేని జంతువుకు కూడా ఆడా మగా అంటగట్టి రంగు పులిమారన్నమాట!

"ఆటే కదా, పోనిద్దూ" అంటారు కొందరు. కాని ఆట అంత తేలికైన సంగతి కాదు. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రచురించిన ఒక ప్రయోగం చూడండి. నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలు 180 మందికి విసుగు పుట్టించే పని ఒకటి పది నిమిషాలపాటు ఇచ్చారు. కావాలంటే మధ్యలో మానేసి టాబ్లెట్‌లో ఆడుకోవచ్చు. కొందరిని మాత్రం బ్యాట్‌మాన్, రాపుంజెల్ వంటి పాత్రల్లో ఒకరుగా ఊహించుకుని పని చెయ్యమన్నారు. అందరికంటే ఎక్కువసేపు పని చేసింది వీళ్లే!

రాపుంజెల్ రాకుమార్తే కదా అంటారేమో. నిజమే. రాకుమార్తె వేషంలో తప్పేమీ లేదు. అది తప్ప వేరే దారి లేకపోవడమే తప్పు. ఒక్క ప్రయోగంతో అన్నీ రుజువు కావు. అయినా ఊహ పిల్లల పట్టుదలను పెంచగలదని దీన్నిబట్టి తెలుస్తోంది. అలాంటప్పుడు ఆ ఊహకు ముందే గిరి గీయడం న్యాయమా?

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. కూచిపూడి భాగవతుల్లో తరతరాలుగా సత్యభామ వేషం మగవారే కట్టారు. ఆ వేషంతోనే వేదాంతం సత్యనారాయణ శర్మ గొప్ప పేరు తెచ్చుకున్నారు. ఆడవారిని మాత్రం ఆ రంగస్థలం మీదికి చాలాకాలం రానివ్వలేదు. మగవాడు సత్యభామ అయితే మెచ్చుకున్న మనం, బడిలో వేషాల పోటీ నాడు ఒక అబ్బాయి నర్సు వేషం వేస్తే ఎందుకు నవ్వుతాం? అమ్మాయి ఇంజను డ్రైవరుగా వస్తే ఎందుకు వింతగా చూస్తాం?

దుకాణాల వరసలు మార్చడం మీ చేతుల్లో లేకపోవచ్చు. కాని నవ్వకుండా ఉండటం మీ చేతుల్లోనే ఉంది. ఈసారి మీ తమ్ముడో చెల్లెలో వేషం వేస్తానంటే, "నువ్వు ఏమవాలనుకుంటున్నావు?" అని అడగండి. ఏం చెప్పినా సరే, ఆ వేషం కట్టడానికి సాయం చెయ్యండి.