పట్నం మడ్డి ఎవరి నెత్తిన?

నూజివీడు అంటే రసాలు, బంగినపల్లి. పట్నం పెరిగే కొద్దీ సెప్టిక్ ట్యాంకులూ పెరిగాయన్న సంగతి మాత్రం పాలకులకు పట్టదు. 2011 జనాభా లెక్కలకే ఇక్కడ 58 వేల పైచిలుకు జనం. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో వేల మంది పిల్లలు. 2014 నుంచి స్వచ్ఛ భారత్ పేర పల్లెల్లోనూ మరుగుదొడ్లు కట్టించారు. మంచిదే. ఆ గుంట నిండితే ఏం చెయ్యాలో?

ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించాలని ఇంజనీర్లంటారు. తోడించాలంటే చేతి డబ్బు పెట్టుకోవాలి గనక, పొంగేదాకా ఎవరూ ట్యాంకరును పిలవరు. అలా వచ్చే పిలుపుల్నే లెక్కబెట్టి మలమడ్డి శుద్ధి కేంద్రానికి ప్లాను గీస్తే అది పుట్టుకతోనే చిన్నదవుతుంది.

ఉజ్జాయింపుకు 12 వేల ట్యాంకులు అనుకుందాం. మూడేళ్లకోసారి తోడితే ఏడాదికి 4 వేలు. 300 పనిదినాలు, ట్యాంకుకు 3 వేల లీటర్లు వేసుకుంటే రోజుకు 40 వేల లీటర్లు! 2011 లెక్కల్లో దాదాపు మనంత జనమే ఉన్న నర్సాపురంలో కట్టిన కేంద్రం సామర్థ్యం రోజుకు 15 వేల లీటర్లు. కట్టినందుకు మెచ్చుకోవాల్సిందే. ఆ అంకెనే తెచ్చి ఇక్కడ అతికిస్తామంటే మాత్రం ఒప్పుకోం. పదేళ్ల తర్వాతి జనాన్నీ లెక్కలో కలపాలి గదా!

చోటు చాలనప్పుడు ట్యాంకరు ఏ వాగులోనో, డొంకలోనో ఖాళీ అవుతుంది. లేదా ఎరువు పేరు చెప్పి తోటలోకి వస్తుంది. ఆ పచ్చిమడ్డిలో ఉత్తకాళ్లతో దిగేది కూలీలు. కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మం తొలుచుకుని ఒంట్లోకి పోతాయి, రక్తం తాగుతాయి. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కాపు లాభం తోట గుత్తకు పట్టినవాడిది, ఆసుపత్రి ఖర్చు కూలీది. ఇదేం న్యాయం?

మడ్డి చెడ్డదని మేమనడం లేదు. ఎండబెట్టి, చెత్తతో కలిపి, కుప్ప బాగా వేడెక్కేలా కుళ్లబెడితే గుడ్లు చస్తాయి, నేలకు సత్తువొస్తుంది. అయితే వానాకాలంలో ఆరబెట్టే మళ్లు ఆరవు. మామిడికి ఎరువు వేసేదేమో కాయ కోత అయ్యాక, తొలకరి రోజుల్లో. తక్కిన నెలల సరుకంతా నిలవ ఉండాలి. కాబట్టి కప్పున్న మళ్లు, నిలవ షెడ్లు, వాటికి జాగా ప్లానులోనే ఉండాలి. ఆ జాగా పేరుతో దళితవాడ పక్కన బంజరు మీద కన్నేస్తే ఊరుకునేది లేదు.

మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలవల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చచ్చాక డబ్బు కాదు, ముందే యంత్రాలు కావాలి.

ఊళ్లో ఎన్ని ట్యాంకులున్నాయి, ట్యాంకర్లు ఎక్కడ ఖాళీ అవుతున్నాయి, మున్సిపాలిటీ ఇంటింటికీ తిరిగి రాయాలి. ఆ లెక్క వార్డుల్లోనూ, చుట్టుపక్కల గ్రామసభల్లోనూ కూలీల ముందు చదవాలి. జాగా సంగతి ఆ తర్వాతే.