సీటు రాక కాదు వదినా!

మొన్న మా పెద్దాడపడుచు ఫోన్ చేసింది. "ఏమ్మా, పిల్లకి ఎంబీబీఎస్ రాలేదటగా? పోన్లే, ఆయుర్వేదమైనా వచ్చింది. ఏదో ఒక డాక్టరు" అంది. "సీటు రాక కాదు వదినా, కావాలనే తీసుకుంది" అన్నాను. పూర్తిగా నిజం కాదనుకోండి. ర్యాంకు ఇంకాస్త మంచిది వచ్చుంటే ఏం చేసేదో! కానీ ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగుకి ఫీజు కట్టడానికి వాళ్ళ నాన్న సిద్ధపడితే, వద్దన్నది మాత్రం అదే.

నిజానికి ముందు అడ్డం తిరిగింది నేనే. చెట్టుమందు పేరెత్తితే చాలు, నాకు మా అత్తగారి కాలు గుర్తొస్తుంది. నాలుగేళ్ళ కిందట ఎవరో చెప్పారని ఒక పొడి తెప్పించుకుని, మాకు తెలియకుండా షుగరు మాత్రలు మానేశారావిడ. రెండు నెలలు! చెప్పు కరిచిన పుండు మానలేదు. చివరికి బొటనవేలు తీసేశారు. ఇంటికొచ్చాక కట్లు కట్టింది నేనైతే, పక్కన నిలబడి దూది అందించింది తొమ్మిదో తరగతి చదువుతున్న నా కూతురు.

అదంతా చూసిన పిల్లే ఈ చదువు అడిగితే ఒళ్ళు మండదా? గట్టిగానే అరిచాను. అది మెల్లగా, "నానమ్మకి ఆ పొడి ఇచ్చినాయన ఆయుర్వేదం చదివాడా అమ్మా? అందులో ఏముందో ఎవరైనా పరీక్ష చేయించారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కరోనా రోజుల్లో మనలో చాలామందిమి తిప్పతీగ కషాయం తాగాం కదా. 2021లో ముంబయి వైద్యులు కొందరు, అది వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు చూశామని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వాళ్ళు వాడింది అసలు తిప్పతీగేనా, దాని పోలికలున్న వేరే తీగా అని అడిగింది. ఈ తగువు తీర్చాలంటే తీగను సరిగ్గా గుర్తుపట్టాలి, కాలేయం సంగతి తెలియాలి, పాత గ్రంథంలో ఎవరికి ఎంత ఇమ్మన్నారో చదవగలగాలి. ఈ మూడూ తెలిసినవాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? మా ఊళ్ళో నాకైతే ఒక్కరూ కనపడలేదు.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారు వైద్యం చదివాక కొన్నాళ్ళు మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు. ఆ మందుల గుణం చూసి, ఎందుకు పనిచేస్తున్నాయో తేల్చాలనుకున్నారు. తర్వాత అమెరికా వెళ్ళి జీవరసాయన శాస్త్రంలో పడిపోయారు, అది వేరే కథ. మనం కడుపుతో ఉన్నప్పుడు మింగిన ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉందే, దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. ఆయుర్వేద కాలేజీలో పాఠం చెప్పినంత మాత్రాన ఆయనేం తక్కువైపోలేదు. అలాగని ఆకు పసరన్నదల్లా అమృతమనీ నమ్మలేదు. నా కూతురి నుంచి నేను కోరేదీ అంతే. బైపీసీలో నేర్చుకున్న జువాలజీని కాలేజీ గేటు బయట వదిలేసి వెళ్ళకూడదు.

ఆ దారిలో పంపాలనుకునే తల్లులకి ఒక మాట. దీనికీ నీట్ రాయాల్సిందే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. ప్రభుత్వ ఉద్యోగాలు తక్కువ. పట్టా పుచ్చుకుని ప్రైవేటు ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ డాక్టర్లుగా చేరి, చదివింది ఒకటి రాసేది ఒకటిగా బతుకుతున్న పిల్లలున్నారు. అది నాకు నచ్చదు. కాబట్టి చేర్చే ముందు కాలేజీ భవనం కాదు, దాని ఆసుపత్రి చూడండి. పొద్దున పదింటికి వెళ్ళి ఓపీలో బెంచీల మీద మనుషులున్నారో లేదో చూసి రండి. మేం రెండు కాలేజీలు చూశాం. ఒకచోట మంచాల మీద దుప్పట్లు మడత కూడా నలగలేదు. రెండోచోట నిలబడటానికి జాగా లేదు. రెండోదే ముందు పెట్టుకున్నాం.

వచ్చే సోమవారం ప్రయాణం. శ్లోకాలు బట్టీ పట్టాలంటే భయంగా ఉందట. బీఏ తెలుగు చదివి ఏం ఉద్ధరించావని అడిగేవాళ్ళందరికీ చెప్పండి, రాత్రిళ్ళు దానికి సంధులు విడదీసి చెబుతున్నాను. మా అత్తగారు మంచం మీంచి వింటూ, "ఆ మాత్రల బాధ తప్పించే మందేదో నేర్చుకు రావే" అన్నారు. అది లేచి మాత్రల డబ్బా తెచ్చి, "ముందు ఇవాళ్టిది వేసుకో నానమ్మా" అని మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది.