దేవునితో తగవు

దేవునితో వ్యక్తిగత సంబంధం ఎలా పెంచుకోవాలని అడిగితే వాక్యం చదవమంటారు, ప్రార్థించమంటారు, స్తుతించమంటారు. మంచిదే. మరి ఫిర్యాదు మాటేమిటి?

బైబిలులోని 150 కీర్తనల్లో మొరలకు, నిలదీతలకు కొదవ లేదు. 88వ కీర్తనే చూడండి. రాత్రింబవళ్ళు మొరపెట్టినవానికి జవాబు రాదు. కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. చివర ఓదార్పు చరణమొకటి అతికించాలని ఎవరికీ తోచకపోవడం నాకెంతో నచ్చింది. యోబు గ్రంథం 42వ అధ్యాయంలోనూ దేవుని కోపం రగిలింది ఆయన పక్షాన వాదించిన స్నేహితులమీద. నిలదీసిన యోబే యుక్తంగా పలికాడంటాడు. (గోల్కొండ చెరలో రాముణ్ణి దెప్పిపొడిచిన రామదాసును ఎరిగిన మనకు ఇది వింత కాకూడదు.)

నేను చూసినంతలో, ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచి నిలబడేది స్వస్థత పొందినవారే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి వెనుక వరుసలో తలవంచుకొని ఉంటుంది. "దేవుని చిత్తమమ్మా" అని ఆమె నోరు కట్టేయడం నాకు సమ్మతం కాదు. ఎందుకిలా చేశావని ఆమె అడుగుతోందంటే, వినేవాడున్నాడని ఇంకా నమ్ముతున్నట్లే. అడగనివ్వండి. ఇష్టమైతే ఒక ఆదివారం ఆ 88వ కీర్తన ఆమెనే చదవమనండి. చదివాక మాత్రం ఎవరూ లేచి వివరణ చెప్పవద్దు.