అంతేవాసి దూరమైనప్పుడు



విద్యార్థికి సంస్కృతంలో ‘అంతేవాసి’ అని ఒక పేరు. గురువు సమీపాన వసించేవాడు అని అర్థం. ‘ఛాత్రుడు’ అని మరొక పేరు. ఛత్రమంటే గొడుగు కదా. గురువు దోషాలను గొడుగువలె కప్పి ఉంచేవాడు కనుక ఛాత్రుడని పూర్వ వ్యాకర్తలు వ్యుత్పత్తి చెప్పారు. అమరకోశం ఈ రెండు పదాలనూ పక్కపక్కనే కూర్చింది. 2020లో కరోనా వలన బడులు మూతపడి పాఠం చరవాణిలోకి (సెల్‌ఫోనే అనండి, నాకు అభ్యంతరం లేదు) చేరినప్పుడు మొదటి పేరుకు అర్థం పోయింది. రెండవది మాత్రం ఉండవలసినదానికంటె గట్టిగా నిలిచింది. పిల్లల క్షేమం గురించి నేను చెప్పదలచినది ఈ రెండు మాటల నడుమనే ఉన్నది.

సామీప్యం వలన ఏమి జరిగేదో ముందు చూద్దాం. తరగతిలో ఉపాధ్యాయుడు పాఠం చెబుతూనే నలభై ముఖాలు చదువుతాడు. నిన్నటిదాకా మొదటి వరుసలో కూర్చున్న పిల్ల నేడు చివరి బల్లకు జరిగితే కారణం అడుగుతాడు. మధ్యాహ్న భోజనం కంచంలోనే వదలిన పిల్లవాడు, మోచేతి మీది వాత, పలకరిస్తే చాలు కళ్ళు చెమర్చే పిల్ల - ఇవేవీ హాజరుపట్టీకి ఎక్కవు. అయినా బడి చేసే పనిలో సగం ఇదే. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ వాహినుల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి వాహిని ఆ పని చేసింది. పాఠం ఇంటికి చేరింది, సంతోషమే. కాని పిల్లవాడు టీవీని చూడగలడు గాని టీవీ పిల్లవాణ్ణి చూడలేదు. జూమ్ తరగతుల్లో తపాలాబిళ్ళంత ముఖం కనబడేది, అదీ కెమెరా కట్టివేయకుంటే.

ఆ కెమెరా తెరచి తీరాలని పట్టుబట్టిన బడులూ ఉన్నాయి. ఒంటిగది ఇంట్లో వెనుక మంచం మీద తాత దగ్గుతుంటాడు, అమ్మ అంట్లు తోముతుంటుంది. తన ఇంటిని తరగతి మొత్తానికీ చూపించవలసి వచ్చిన పదమూడేళ్ళ పిల్లకు ఆనాటి పాఠం ఏమి తలకెక్కుతుంది? బడిలో మందలిస్తే వినేది తోటి పిల్లలు మాత్రమే. ఫోనులో మందలిస్తే ఇంటిల్లిపాదీ వింటారు, ఒక్కొక్కప్పుడు పక్కింటివారు కూడా. 2020 జూలైలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ‘ప్రజ్ఞాత’ అనే మార్గదర్శకాలు వెలువరించి, పూర్వప్రాథమిక పిల్లలకు రోజుకు 30 నిమిషాలు, ఎనిమిదవ తరగతి వరకు 30 నుండి 45 నిమిషాల తరగతులు రెండు, ఆపైన నాలుగు మించరాదని చెప్పింది. మంచి హద్దే. బడి గంటలన్నిటినీ యథాతథంగా తెర మీదికి ఎక్కించిన యాజమాన్యాలు దానిని చదివినట్లు తోచదు.

ఇక అసలు విషయం. తరగతికొక వాట్సాప్ బృందం అన్నారు. అందులో ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది. నలభైమంది పిల్లల బృందమంటే నలభై ఇళ్ళ ఫోనులు. అవి నాన్నవి, అన్నవి, మేనమామవి. తరగతి ముగిశాక ఎవరో పాఠంలో సందేహం అడిగినట్లు పలకరిస్తారు. నాలుగు రోజులకు ఫోటో అడుగుతారు. పిల్ల ఎవరికీ చెప్పదు. ఎందుకు చెప్పదు? చెబితే మొదట జరిగేది ఫోను లాక్కోవడం. ఆ రోజుల్లో ఫోనే బడి! మగపిల్లవాడికి నాలుగు దెబ్బలతో పోతుంది. ఆడపిల్లకైతే చదువు మానిపించి సంబంధాలు చూడటానికి అదే సాకు కావచ్చు. అసర్ నివేదిక ప్రకారం బడి పిల్లలున్న గ్రామీణ కుటుంబాలలో స్మార్ట్‌ఫోను గలవి 2018లో 36.5 శాతం, 2021లో 67.6 శాతం. అయినా ఆ ఫోను ఉన్న ఇళ్ళ పిల్లలలోనే సుమారు నాలుగోవంతు మందికి అది చేతికి అందలేదు. అందిన పిల్లకు అదొక అనుగ్రహం. దానిని పోగొట్టుకొనే మాట తన నోటితో తానే ఎలా చెబుతుంది?

పైగా పెద్దల తప్పు ఎన్నరాదని మనం నేర్పిన నీతి ఒకటి. సందేశం పంపినవాడు ట్యూషను మాస్టారో, వరుసకు బాబాయో అయితే పాపం ఆ పిల్ల గొడుగు పట్టుకొనే నిలబడుతుంది. ఛాత్రుడనే మాటకు ఆ వ్యుత్పత్తిని బడిలో ఇక చెప్పకపోయినా నష్టం లేదని, తెలుగు పండితుణ్ణయి ఉండి కూడా, నా అభిప్రాయం.

యాప్‌లకు తాళాలు వేయమని కొందరు సలహా ఇస్తున్నారు. పసివారికి అవి పనికివస్తాయి, కాదనను. కాని పాఠాలు చెప్పే యాప్‌లే పిల్లల వివరాలు పోగుచేస్తే? 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశాల ప్రభుత్వాలు ఆమోదించిన విద్యాసాధనాలను పరిశీలించి, వాటిలో అత్యధికం ఆ పని చేస్తున్నవో, చేయగలవో అని తేల్చింది. మన ‘దీక్షా’ కూడా ఆ పరిశీలనలో ఉన్నది. పద్దెనిమిదేళ్ళలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం కావాలని 2023 నాటి చట్టం అంటున్నది. ఆ అంగీకారం నొక్కే వేలు కూడా చాలా ఇళ్ళలో పిల్లవాడిదే!

కావున తాళం కంటె ముందు కావలసినది ఒక మాట. “ఏం జరిగినా మాతో చెప్పు, చెప్పినందుకు ఫోను తీసుకోం, బడి మాన్పించం” అని తల్లీ తండ్రీ కలిసి, ఏమీ జరగకముందే చెప్పాలి. జరిగాక చెబితే పిల్లలు నమ్మరు. వచ్చిన సందేశాలను కోపంతో చెరిపివేయరాదు, అవే సాక్ష్యం. పిల్లల అసభ్య చిత్రమేదైనా వచ్చి ఉంటే న్యాయం కోసమని కూడా బంధువులకు పంపరాదు, పంపడమే నేరమవుతుంది. 1098కు ఫోను చేయవచ్చు. జాతీయ సైబర్ నేరాల జాలస్థలిలో ఇటువంటి ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు.

ఇది ముగిసిన కథ కాదు. 2024 నవంబరులో గాలి విషమైనప్పుడు ఢిల్లీ పిల్లలు మళ్ళీ తెరల ముందుకే వెళ్ళారు. మనకూ ఏ కారణం చేతనైనా ఆ అవస్థ వస్తే ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేయాలని నా కోరిక. రోజుకు ఎనిమిదిమంది చొప్పున ఐదు రోజుల్లో నలభైమందితోనూ మాట్లాడవచ్చు, తలకు ఐదు నిమిషాలు. పగటిపూటనే, తల్లికి తెలిసేటట్లు చేయాలి. తొలి ప్రశ్న పాఠం గురించి కాకుండా, పొద్దున ఏం తిన్నావు, రాత్రి నిద్ర పట్టిందా అని అడగాలి. ఆ తరువాత కాసేపు మనం మాట్లాడకుండా ఉండాలి.