అస్తమయ వేళ తెరచిన తలుపు

గ్రీసు దేశపు ద్వీపాలలో కొండ కొమ్మున వెలసిన పల్లెల చిత్రాలు ఈ మధ్య మన పిల్లల ఫోన్లలో తరచుగా కనిపిస్తున్నాయి. సున్నం పూసిన తెల్లని ఇళ్లు, రాతి మెట్ల సందులు, దిగువన నీలి సముద్రం, సూర్యుడు క్రుంకే వేళకు ఆరుబయట పరచిన భోజనపు బల్లలు. గడచిన రమజానుకు ముందు మా అమ్మాయి అటువంటి చిత్రమొకటి నాకు చూపించి, "అబ్బా, ఇలాంటి చోట కూర్చుని ఒక్కసారైనా భోజనం చేయాలి" అన్నది. గన్నవరంలో విమానాల చప్పుడు వింటూ పెరిగిన పిల్ల. దూరదేశాల మీద మనసు పోవడంలో వింత లేదు.

"ఉపవాసి నెల పొడుగునా సూర్యాస్తమయ వేళకే కదా భోజనం చేసేది! మనకూ ఒక కొండ ఉన్నది, పోదాం పద" అన్నాను. ఆ మాట మీదనే రమజానులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మీజాన్, నా భార్య, పిల్లలిద్దరు, నేను కొండపల్లికి బయలుదేరాము.

విజయవాడ దాటి, ఇబ్రహీంపట్నం మీదుగా పోతే కొండపల్లి వస్తుంది. థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు ఒకవైపు, అడవి కప్పిన కొండల వరుస మరొకవైపు. కొండ మీది కోట 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలంలో వెలసినది. తరువాత గజపతులు, బహమనీలు, విజయనగర ప్రభువులు, కుతుబ్ షాహీలు, మొగలులు, నిజాములు ఏలారు. 1766లో ఆంగ్లేయుల వశమైంది. ప్రతి ఏలిక అది తనదే అనుకొన్నాడు. ఇప్పుడు మూడంతస్తుల రాతి బురుజు, తానీషా మహల్ గోడలు, దర్గా దర్వాజా మిగిలి ఉన్నాయి. భూమి మీద సంచరించండి, మునుపటివారి పర్యవసానం ఏమైనదో చూడండి అని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు మనలను హెచ్చరిస్తున్నది. ఆ మాటకు అర్థం తెలియాలంటే దూరదేశం పోనక్కరలేదు. మన దగ్గరలోని కొండ ఎక్కితే చాలు.

కోట మీదనే ఇఫ్తార్ చేయాలన్నది మా ఆలోచన. పిల్లలు చిత్రాలు తీయడానికి చోటు కూడా ఎంచుకొన్నారు. కాని సాయంకాలం కాగానే కావలివాడు వచ్చి, సందర్శన వేళ ముగిసింది, దిగిపోవాలి అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. వేళ తెలుసుకొని రాకపోవడం మాదే పొరపాటు. క్రిందికి వచ్చి, ఏదో ఒక చెట్టు క్రింద కూర్చుందామని కారు వెనుక తలుపు తెరిస్తే ఇఫ్తార్ సంచీ లేదు. నా భార్య పెట్టిందని నేను, నేను పెట్టానని ఆమె అనుకొన్నాము. ఖర్జూరాలు, పండ్లు, నీళ్ల సీసాలు అన్నీ గన్నవరంలో వంటింటి అరుగు మీద క్షేమంగా ఉన్నాయి.

అమ్మీజాన్‌కు డెబ్బయి దాటాయి. చక్కెర జబ్బు ఉన్నది. వైద్యుల సలహాతో కొన్ని రోజాలే పాటిస్తారు. ఆ దినం వాటిలో ఒకటి. ఆమె ముఖం వాడిపోవడం చూసి నాకు గాభరా కలిగింది. దుకాణం ఏదైనా కనబడుతుందేమోనని కారును మెల్లగా నడుపుతూ బొమ్మలు చేసేవారి వీధిలోకి వచ్చాము. తెల్లపొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన మక్కుతో అతికి, రంగులు వేసి బొమ్మలు చేసే కుటుంబాలవి. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఎడ్లబండి బొమ్మకు రంగు పూస్తున్న వృద్ధురాలు నా టోపీని, అమ్మీజాన్ ముఖాన్ని చూసింది.

"బాబూ, రోజా విప్పే వేళ దగ్గరపడింది. పెద్దావిడ సొమ్మసిల్లేట్టున్నారు. లోపలికి రండి" అన్నది.

నేను తటపటాయించాను. ఎవరో తెలియని ఇల్లు, ముందు చెప్పకుండా అయిదుగురం. ఆమె నా తటపటాయింపును మరొక విధంగా అర్థం చేసుకొన్నదేమో, కొంచెం గొంతు తగ్గించి, "మా ఇంటి నీళ్లు మీకు పనికివస్తాయో రావో" అన్నది.

నాకంటె ముందు అమ్మీజాన్ కారు దిగారు. "దాహానికి నీళ్లు పనికిరాకపోవడమేమిటి తల్లీ!" అంటూ ఆమె చేయి పట్టుకొని అరుగెక్కారు.

చాప పరచి, చెంబుతో నీళ్లు, అరటిపండ్లు, బెల్లం ముక్కలు తెచ్చి పెట్టింది. ఇంతలో సూర్యుడు కొండ వెనుకకు జారిపోయాడు. మా అబ్బాయి చెంబు మీద చేయి వేయబోగా ఆ వృద్ధురాలే వారించింది. "కొండ చాటుకు పోయాడు గాని పొద్దింకా గుంకలేదు నాయనా. మసీదులో పిలుపు రానీ" అన్నది. అరవై ఏళ్లుగా ఆ అజాన్ వింటూ ఆమె తన ఇంటి పనుల వేళలు దిద్దుకొంటున్నదట. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. కొండ నీడలోని ఇంటికి సూర్యుడు ముందుగానే కనుమరుగవుతాడు, అయినా అది అస్తమయం కాదు. ఎత్తున ఉన్నవారికి దీనికి వ్యతిరేకం. వారికి సూర్యుడు కొంత ఆలస్యంగా అస్తమిస్తాడు. 2011లో దుబాయి ధర్మశాస్త్ర పండితులు బుర్జ్ ఖలీఫా భవనంలో 80వ అంతస్తుకు పైన ఉన్నవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తుకు పైన ఉన్నవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని చెప్పినది ఇందుకే.

అజాన్ వినిపించింది. వేళ అయిన తరువాత ఇఫ్తార్‌ను ఆలస్యం చేయకపోవడంలో శుభమున్నదని దైవప్రవక్త (స) బోధించారు. ఖర్జూరం లేనప్పుడు నీళ్లతో విరమించడం వారి ఆచరణే. అమ్మీజాన్ దుఆ చదివి మొదటి గుక్క త్రాగారు. ఆమె ముఖానికి తేట తిరిగి రావడం నేను చూశాను. అబ్బాయి, నేను మసీదుకు పోయి మగ్రిబ్ చేసి వచ్చాము. వచ్చేసరికి నా భార్య ఒక విషయం చెప్పింది. ఆడవారు నమాజుకు లేవగానే ఆ వృద్ధురాలు ఎవరూ అడగకుండానే పడమటి గోడ వద్ద ఆరబెట్టిన బొమ్మలన్నిటినీ ఒక్కొక్కటే తీసి ప్రక్క గదిలో పెట్టి, ఆ చోటు ఊడ్చి, ఉతికిన దుప్పటి పరచి ఇచ్చిందట.

ఆపైన మమ్మల్ని పోనివ్వలేదు. తనకు, తన భర్తకు వండుకొన్న అన్నం, పప్పు, గోంగూర పచ్చడి ముందు మాకు వడ్డించి, పొయ్యి మీద మరొక గిన్నె ఎక్కించింది. ఇద్దరి ఆహారం ముగ్గురికి చాలునని హదీసు. ఆ రాత్రి అది ఏడుగురికి చాలింది.

ఇబ్రహీంపట్నం మీదుగా తిరిగి వస్తూ ఆ పేరుగల ప్రవక్తను తలచుకొన్నాను. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) ఇంటికి అపరిచితులు వచ్చినప్పుడు ఆయన వారికి సలాముతో బదులు పలికి, చడీచప్పుడు లేకుండా లోపలికి పోయి, వేయించిన దూడను తెచ్చి వారి ముందుంచారు. మీరెవరు, ఏ పని మీద వచ్చారు అన్న ప్రశ్నలు ఆ తరువాతనే. మరొకవైపు, సూరయె కహఫ్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం), ఆయనతో కూడిన దైవదాసుడు ఒక ఊరికి పోయి ఆహారం అడిగితే ఆ ఊరివారు ఆతిథ్యం నిరాకరించారు. ఆ ఊరిని దివ్య ఖుర్ఆన్ అదొక్క గుణంతోనే మనకు పరిచయం చేసింది. మన ఊరిని ఏ గుణంతో పరిచయం చేయవలసి ఉంటుందో ఆలోచించాలి.

మా అమ్మాయి మెచ్చిన గ్రీకు ద్వీపాలకూ ఈ కథతో సంబంధం లేకపోలేదు. గ్రీకు భాషలో అపరిచితుడికి, అతిథికి ఒకే మాట ఉన్నది: 'క్సెనోస్'. అపరిచితుని ప్రేమించడమే వారి భాషలో ఆతిథ్యం. అక్కడి క్రీటు ద్వీపంలో 9వ శతాబ్దిలో అందలూసియా నుండి వెడలగొట్టబడిన ముస్లింలు వచ్చి రాజ్యం స్థాపించి 961 వరకు ఏలారు. వారు కందకం త్రవ్వి కట్టిన 'అల్ ఖందఖ్' నగరమే నేటి హెరాక్లియన్. ఉస్మానియా కాలంలోనూ అక్కడ మసీదులు, ముస్లిం పల్లెలు ఉండేవి. 1923 నాటి ఒప్పందంతో గ్రీసులోని ముస్లింలలో అత్యధికులు తుర్కియేకు, అక్కడి క్రైస్తవులు గ్రీసుకు తరలింపబడ్డారు. తరతరాలుగా ఇరుగుపొరుగున బ్రతికినవారు ఒక్క సంతకంతో ఒకరికొకరు పరాయి దేశస్థులైపోయారు. ఆ అందమైన తెల్లని గోడల వెనుక ఇటువంటి వియోగం కూడా ఉన్నదని మా అమ్మాయికి చెప్పాను. పొరుగువాడు ఉన్నప్పుడే అతని విలువ తెలుసుకోవాలి.

కారు రామవరప్పాడు దాటిన తరువాత, అప్పటివరకు కన్నులు మూసుకొని ఉన్న అమ్మీజాన్ మెల్లగా అడిగారు: "బేటా, మన ఎదురింటి వాళ్లు వచ్చి ఎన్నేళ్లయింది?"

"తొమ్మిదేళ్లు."

"వాళ్లింట్లో ఎందరున్నారు? వాళ్లకు ఏమి తినడం ఇష్టం?"

కారులో ఎవరూ జవాబు చెప్పలేకపోయాము. పండుగ నాడు గేటు వద్ద సేమియా గిన్నె ఇచ్చి వచ్చేవాళ్లం. అంతకుమించి వారి గుమ్మం మేము తొక్కలేదు, మా గుమ్మంలోకి వారిని పిలవలేదు. గొర్రెను జబహ్ చేసిన దినాన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తన ఇంటివారిని మొట్టమొదట అడిగిన ప్రశ్న, మన యూదు పొరుగువానికి పంపారా అని. పొరుగువాని హక్కు గురించి తాను ప్రవక్త (స) నోట విన్నదే ఆయన ఆచరించారు. నేను ఆ హదీసును ఎన్నో సభలలో వినిపించినవాణ్ణి. ఆ రాత్రి జాతీయ రహదారి మీద అది నన్నే ప్రశ్నించింది. మా ఇంటి ముందు నుండి ప్రతి దినమూ ఎందరో ప్రయాణికులు పోతుంటారు. వాడిపోయిన ముఖంతో ఒక తల్లి కారులో కనబడితే, కొండపల్లి వృద్ధురాలి వలె నేను అరుగు దిగి ఉండేవాణ్ణా? నిజం చెప్పాలంటే, గేటు గడియ సరిగా పడినదా అని చూసుకొని ఉండేవాణ్ణి.

మూడవ దినం నేనే ఎదురింటికి పోయి ఇఫ్తారుకు రమ్మని పిలిచాను. ఆయన క్షణకాలం నా వంక చూసి, "తొమ్మిదేళ్లకు పిలిచారండీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వుకు నా వద్ద సమాధానం లేదు. వారి ఇంట్లో మాంసం తినరని, ఆయన తల్లిగారికి కూడా చక్కెర జబ్బేనని ఆ సాయంకాలమే మాకు తెలిసింది. ఇప్పుడు ఆ ఇద్దరు పెద్దలు సాయంకాలాలు మా వరండాలో కలిసి కూర్చుంటారు.

సోదర సోదరీమణులారా! విహారయాత్రలు తప్పు కాదు. సృష్టి సౌందర్యాన్ని చూసి సృష్టికర్తను స్తుతించడం విశ్వాసి లక్షణమే. స్తోమత ఉన్నవారు గ్రీసుకే పోవచ్చు. కాని బయలుదేరే ముందు మన వీధిలో మనం ఇంకా ఎక్కని గుమ్మాలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకుందాం. అతిథిగా పోయినప్పుడు ఆ ఇంటికి భారం కాకుండా వేళకు లేచి రావడమూ మన ధర్మమే. ఉపకారం పొందినచోటికి తిరిగి పోవడమూ ధర్మమే. ఈదుల్ ఫిత్ర్ మరునాడు మేము షీర్ ఖుర్మా తీసుకొని కొండపల్లికి మళ్లీ పోయి వచ్చాము.

మా అమ్మాయి ఫోనులో కొండ మీది చిత్రాలు చాలా ఉన్నాయి. ఆ అరుగు మీది ఇఫ్తార్ చిత్రం ఒక్కటీ లేదు. ఎందుకు తీయలేదని అడిగాను. "అమ్మమ్మగారు మజ్జిగ పోస్తూనే ఉన్నారబ్బా, చేయి ఖాళీ లేదు" అన్నది.