కఫం కదలాలంటే మందు ఒక్కటే చాలదు

అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించింది. 2022లో ఒక్కొక్క రోగికి ఇచ్చే సాయం పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచింది. ఈ విధానం పరిధిలో సిస్టిక్ ఫైబ్రోసిస్ కూడా ఉన్నది. రోగి తనకు దగ్గరలోని విశిష్ట కేంద్రంలో పేరు నమోదు చేసుకోవచ్చును. హైదరాబాదులోని నిమ్స్, బెంగళూరులోని ఇందిరా గాంధీ శిశు ఆరోగ్య సంస్థ ఇటువంటి కేంద్రాలే. సరిహద్దు కుటుంబాలు గమనించదగిన విషయమిది.

తల్లి నుండి, తండ్రి నుండి కూడా లోపమున్న జన్యువు సంక్రమిస్తేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. మేనరికాలలో ఆ అవకాశం హెచ్చు. ఊపిరితిత్తులలో కఫం జిగురుగా చిక్కబడి, అందులో సూక్ష్మజీవులు స్థిరపడతాయి. వీడని దగ్గును ఉబ్బసమనో క్షయ అనో పొరబడే ప్రమాదమున్నది. బిడ్డను ముద్దాడితే ఉప్పగా తగలడం ఒక గుర్తు. చెమటలోని క్లోరైడును కొలిచి వ్యాధిని నిర్ధారిస్తారు.

మందులు ఎన్ని వాడినా కఫాన్ని రోజూ బయటికి తీయవలసిందే. పసిబిడ్డకైతే అరచేతిని దొప్పలా వంచి, పలుచని గుడ్డ మీదుగా ఛాతీ పక్కలను, వీపు పైభాగాన్ని తడతారు. వెన్నెముక మీద, పొట్ట మీద తట్టరాదు. కడుపు నిండిన వెంటనే చేయరాదు. తలను కిందికి వంచే పాత పద్ధతి వలన కడుపులోనిది పైకి ఎగదన్నుతుందని తేలినందున, శిశువులకు ఇప్పుడు దానిని వద్దంటున్నారు. ఎదిగిన పిల్లలకు నిదానంగా శ్వాస తీసి, నిలిపి, నోరు తెరచి ‘హా’ అని బలంగా వదలడం నేర్పుతారు. వదిలే గాలికి అడ్డుపడి ఒత్తిడి కలిగించే చిన్న పరికరాలు కూడా ఉన్నాయి. వీటిలో ఏదో ఒకటే ఉత్తమమని పరిశోధనలు తేల్చలేదు. బిడ్డ మానకుండా చేయగలిగినదే మంచి పద్ధతి. కఫంలో నెత్తురు కనిపిస్తే మాత్రం ఆపి, వైద్యుని చూడాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. సాయం అందేది నగరంలోని కేంద్రంలో. రెండు పూటలా శ్రమ జరగవలసినది పల్లెటూరి ఇంటిలో. ఆ పని చేసేది తల్లి. ఒక్కసారి చూపి పంపితే చేయి కుదరదు. కన్నడంలోనో తమిళంలోనో చెప్పినది తెలుగు తల్లికి సగమే అందవచ్చును. జిల్లా ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టుకు ఈ పద్ధతులలో శిక్షణనిచ్చి, తల్లికి ఆమె భాషలోనే నేర్పించి, నెలనెలా సరిచూసే ఏర్పాటు చేయాలి. దానికి లక్షలు అక్కరలేదు. అది లేనినాడు లక్షల మందు కూడా పూర్తి ఫలితమివ్వదు.